చిన్నమాటకే కళ్లనీళ్లు పెట్టుకునే పిల్లలు

పెళ్లి బరాతులో డీజే మోగగానే పిల్లలంతా ముందుకు ఉరుకుతారు. ఒక్కడు మాత్రం చెవులు మూసుకుని తల్లి కొంగు వెనక చేరతాడు. కొత్త చొక్కా తొడిగితే మెడ వెనక లేబులు గుచ్చుకుంటోందని, అది కత్తిరించేదాకా ఊరుకోడు. మాస్టారు పక్క పిల్లవాణ్ని కోప్పడితే వీడి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. వీధిలో కుక్కపిల్ల కుంటుతూ కనిపిస్తే ఆ రాత్రి వీడికి అన్నం సయించదు. ఇటువంటి బిడ్డ మీ ఇంట్లో లేకపోతే మీ పక్కింట్లో ఉంటాడు.

"గింతదానికే ఏడుస్తడు సారూ, రేపు లోకంల ఎట్ల బతుకుతడు?" అని తల్లులు ఆసుపత్రిలో నన్ను అడుగుతుంటారు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల వాళ్లూ అదే మాట, చుట్టుపక్కల పల్లెల వాళ్లూ అదే మాట. తండ్రులది ఇంకో రకం దిగులు. "మగపిల్లగాడు గిట్లుంటే ఎట్ల? ధైర్యానికేమన్న మందు రాయుండ్రి" అంటారు. నానమ్మ అప్పటికే దిష్టి తీసి, తాయెత్తు కట్టించి ఉంటుంది. ఇక బడిలో 'పిరికి', 'ఏడుపుగొట్టు' అని పేరు పడనే పడుతుంది.

ధైర్యానికి మందు లేదు. బజారులో దొరికే బ్రెయిన్ టానిక్కులు, నరాల బలానికని అమ్మే సీసాలు ఈ పిల్లల స్వభావాన్ని మార్చవు. వాటికి పెట్టే డబ్బుతో గుడ్లు, పండ్లు కొని పెట్టండి. ఈ పిల్లలకు కావలసింది వేరే ఉంది. వీళ్ల తీరు ఏమిటో ఇంట్లో పెద్దలకు, బడిలో ఉపాధ్యాయులకు తెలియాలి. ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

రోగమా, స్వభావమా?

పిల్లలందరి ఒంటి రంగు ఒకేలా ఉండనట్లే, నాడీమండలం తీరు కూడా ఒకేలా ఉండదు. పాత రేడియోలు గుర్తున్నవాళ్లకు ఒక పోలిక చెబుతాను. కొన్ని రేడియోలకు దగ్గరి స్టేషన్లే పలుకుతాయి. కొన్నిటికి ఎక్కడెక్కడి స్టేషన్లో అందుతాయి, వాటితోపాటు గరగర కూడా ఎక్కువే వినిపిస్తుంది. సున్నితమైన పిల్లలు రెండో రకం రేడియో వంటివారు. శబ్దం, వాసన, వెలుగు, ఎదుటివారి ముఖంలో కోపం అన్నీ వీరికి ఎక్కువగా తాకుతాయి. తాకిన దాని గురించి వీరు ఎక్కువసేపు ఆలోచిస్తారు కూడా. అందుకే త్వరగా అలసిపోతారు.

ఇది పెంపకం లోపమని తల్లిని నిందించేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. న్యూయార్కులో స్టెల్లా చెస్, అలెగ్జాండర్ థామస్ అనే వైద్య దంపతులు 1956లో మొదలుపెట్టి, నూటముప్పైమందికి పైగా పిల్లలను పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. తొలి నెలల్లోనే శిశువుల స్వభావాల్లో తేడాలు స్పష్టంగా కనిపిస్తాయని వారు చూపించారు. మన దేశంలో చండీగఢ్ పి.జి.ఐ.లో డాక్టర్ సవితా మల్హోత్రా ఈ పద్ధతిని మన పిల్లలకు తగ్గట్టుగా మలిచారు. ఆ తర్వాత ఎలేన్ అరాన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1996, 1997లలో ఈ అతి సున్నిత స్వభావాన్ని ప్రత్యేకంగా వివరించారు. 2020లో బ్రిటన్‌లో కవల పిల్లలపై జరిగిన పరిశోధన ప్రకారం, ఈ తేడాల్లో దాదాపు సగం పుట్టుకతో వచ్చేదే. మిగతాది బిడ్డ పెరిగే పరిసరాలది.

ఇటువంటి పిల్లలు ఎంతమంది? అరాన్ మొదట 15 నుంచి 20 శాతం అన్నారు. 2018లో వచ్చిన పరిశోధనలు 30 శాతం దాకా చెప్పాయి. అంటే నలభైమంది ఉన్న తరగతిలో ఆరుగురి నుంచి పన్నెండుమంది వరకు ఉండవచ్చు. ఇంతమందికి ఉన్నదాన్ని రోగమని ఎలా అంటాం? వైద్యశాస్త్రపు రోగాల జాబితాలో దీనికి చోటు లేదు. ఇది ఆడపిల్లల లక్షణమూ కాదు. మగపిల్లల్లోనూ ఉంటుంది. తేడా ఏమిటంటే, మగపిల్లవాడు "ఆడపిల్లలా ఏడుస్తావేంరా" అనిపించుకుని దాన్ని లోపల దాచుకుంటాడు. దాచుకున్నది కోపంగానో, కడుపునొప్పిగానో బయటికి వస్తుంది.

తుమ్మచెట్టు, తమలపాకు తీగ

తుమ్మచెట్టు ఎక్కడైనా మొలుస్తుంది. నీళ్లు పోసేవారు లేకపోయినా ఎండకు తట్టుకుంటుంది. తమలపాకు తీగ అలా కాదు. నీడ, తడి, పాకడానికి ఆసరా ఉండాలి. ఎర్రటి ఎండలో పెడితే నాలుగు రోజుల్లో వాడిపోతుంది. చోటు కుదిరితే మాత్రం పందిరంతా అల్లుకుంటుంది. పిల్లల్లో కూడా ఈ రెండు రకాలూ, వీటి మధ్య రకాలూ ఉన్నాయి. అమెరికా పిల్లల వైద్యుడు థామస్ బోయిస్ ఇదే మాటను తన దేశపు పూల పోలికతో చెప్పారు.

ఇందులో తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవలసిన అసలు విషయం ఒకటుంది. సున్నితమైన పిల్లలు చెడు పరిసరాల్లో మిగతావారికన్నా ఎక్కువ దెబ్బతింటారు. మంచి పరిసరాల్లో మిగతావారికన్నా ఎక్కువ లాభపడతారు. లండన్‌లో ఒక పేద ప్రాంతపు బడిలో పదకొండేళ్ల ఆడపిల్లలకు మనోధైర్యం పెంచే పాఠాలు చెప్పి, తర్వాత వారిని పరీక్షించారు. 2015లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, పాఠాలవల్ల దిగులు తగ్గింది సున్నిత స్వభావం ఎక్కువగా ఉన్న పిల్లలకే. మిగతావారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కాబట్టి ఈ బిడ్డ మీద మీరు పెట్టిన ఓపిక వృథా పోదు. మీరు చూపిన కరుకుతనం కూడా ఊరికే పోదు.

"మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు కొందరు పెద్దలు. నిజమే. కాని వంచడం వేరు, విరవడం వేరు.

ఎలా గుర్తుపట్టాలి?

ఈ కింది వాటిలో చాలావరకు చిన్ననాటి నుంచీ, ఇంట్లోనూ బయటా కూడా కనిపిస్తుంటే మీ బిడ్డది సున్నిత స్వభావమని అనుకోవచ్చు.

పెద్ద శబ్దాలు, ఘాటైన వాసనలు, గరుకు బట్టలు భరించలేకపోవడం. కూరలో ఏ కొంచెం తేడా ఉన్నా కనిపెట్టడం. కొత్త ఇల్లు, కొత్త బడి, కొత్త మనుషులతో కలవడానికి ఎక్కువకాలం పట్టడం. ముందు దూరంగా నిలబడి అంతా చూసి, తర్వాతే ఆటలోకి దిగడం. ఇతరుల బాధకు తాను బాధపడటం. అమ్మానాన్నలు పోట్లాడుకున్న సంగతి ఎవరూ చెప్పకుండానే పసిగట్టడం. చిన్న తప్పుకే కుమిలిపోవడం. వయసుకు మించిన ప్రశ్నలు వేయడం. చుట్టాలు వచ్చి వెళ్లిన రోజు, జాతరకు పోయి వచ్చిన రోజు చిరాకుపడి, నిద్ర సరిగా పోకపోవడం.

వీళ్ల మంచి గుణాలు కూడా చూడండి. బతుకమ్మ పండుగనాడు మైకుల హోరుకు బెదిరి ఇంట్లోకి పోయే పిల్లే, పొద్దున తంగేడు, గునుగు పూలు పేర్చేటప్పుడు గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటుంది. ఏ రంగు పక్కన ఏది పెట్టాలో పెద్దవాళ్లకే చెబుతుంది. ఆ హోరుకు బెదరడమూ, ఈ రంగుల తేడా పట్టడమూ ఒకే స్వభావానికి రెండు ముఖాలు.

ఆదివారం రాని కడుపునొప్పి

మూడో తరగతి చదివే ఒక అబ్బాయిని తల్లి కడుపునొప్పి అని తీసుకొచ్చింది. అప్పటికి రెండు నెలలుగా ఆర్.ఎం.పి. దగ్గర మందులు, ఒక స్కానింగు, నులిపురుగుల మాత్ర అన్నీ అయ్యాయి. నొప్పి పొద్దున ఏడు గంటలకు వస్తుంది, పది దాటితే పోతుంది. ఆదివారం రాదు. దసరా సెలవుల్లో అసలే రాలేదు. "దొంగ నొప్పి, బడి ఎగ్గొట్టేందుకు" అని తండ్రి తీర్మానించాడు.

అది దొంగ నొప్పి కాదు. మెదడుకూ పేగులకూ మధ్య నరాల సంబంధం ఉంది. భయం కలిగితే పేగుల కదలిక మారుతుంది, నొప్పి నిజంగానే వస్తుంది. పెద్దవాళ్లకు కోర్టు మెట్లు ఎక్కేముందు కడుపులో తిప్పినట్లే ఇదీను. పిల్లవాణ్ని పరీక్ష చేశాక పక్కన కూర్చోబెట్టుకుని, బడిలో ఎవరైనా కొట్టారా అని అడిగితే లేదన్నాడు. కాసేపు ఊరుకుని, "నన్ను కొట్టలే. నా పక్క పిల్లగాన్ని సారు రోజూ కొడుతడు" అన్నాడు.

దెబ్బ ఒకరికి, నొప్పి ఇంకొకరికి. తండ్రి బడికి వెళ్లి, తగాదా పెట్టుకోకుండా సంగతి చెప్పాడు. ఆ ఉపాధ్యాయుడు కూడా మంచిగానే విన్నాడు. బెత్తం పక్కన పెట్టాడు. నెల తిరిగేసరికి నొప్పి తగ్గింది. బెత్తం పోయినందుకు పక్క పిల్లవాడు కూడా బాగుపడి ఉంటాడు.

అయితే ప్రతి కడుపునొప్పినీ భయం కింద కొట్టేయకండి. నొప్పికి రాత్రిపూట నిద్రలేస్తున్నా, బరువు తగ్గుతున్నా, జ్వరం, మాటిమాటికీ వాంతులు, విరేచనంలో రక్తం ఉన్నా, నొప్పి బొడ్డు చుట్టూ కాక ఒక పక్కనే ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఇంట్లో ఏం చేయాలి?

మొదట పేర్లు పెట్టడం మానండి. పిరికి, మొద్దు, ఏడుపుగొట్టు అని చుట్టాల ముందు అనకండి. అన్నతోనో, పిన్ని కొడుకుతోనో పోల్చకండి. ఈ పిల్లలు మాటను మరచిపోరు.

ఏడుస్తున్నప్పుడు ఉపన్యాసం వద్దు. ఆ సమయంలో మెదడు పాఠం వినే స్థితిలో ఉండదు. దగ్గర కూర్చోండి. "చప్పుడుకు భయమేసింది కదూ" అని వాడి భావానికి ఒక పేరు చెప్పండి. మంచినీళ్లు ఇవ్వండి. మాట్లాడవలసింది గంట తర్వాత, వీలైతే నడుస్తూనో, పని చేసుకుంటూనో మాట్లాడండి. ఎదురుగా నిలబెట్టి అడిగితే చెప్పనివాడు, చిక్కుడుకాయలు ఒలుస్తూ పక్కన కూర్చుంటే అన్నీ చెబుతాడు.

జరగబోయేది ముందే చెప్పండి. "రేపు పెళ్లికి పోతున్నాం. జనం ఉంటారు, బాజాలు ఉంటాయి. నీకు కష్టంగా ఉంటే నా చెయ్యి గట్టిగా పట్టుకో, ఇద్దరం బయటికి వద్దాం" అంటే సగం భయం పోతుంది. బడి నుంచి రాగానే ట్యూషనుకు తరమకుండా, అరగంట ఏ ప్రశ్నలూ లేకుండా వదిలేయండి. రెండు గదుల ఇల్లయినా ఒక మూల, ఒక చాప వాడిదని కేటాయించండి.

నిద్ర తక్కువైతే ఈ పిల్లలకు ప్రతిదీ కొండంత అవుతుంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రాత్రి 9 నుంచి 12 గంటల నిద్ర అవసరం. పడుకునే ముందు గంట సేపు సెల్‌ఫోను, టీవీ ఆపేయండి. నేరాల సీరియళ్లు, ప్రమాదాల వీడియోలు వీరి ముందు పెట్టకండి. మీరు చూసి మరచిపోతారు, వాళ్లకు అవి రాత్రికి కలలోకి వస్తాయి. భార్యాభర్తల పోట్లాటలు కూడా వీరి ముందు వద్దు.

ఇన్ని చెప్పానని బిడ్డను దూదిలో పెట్టి పెంచమని కాదు. భయపడ్డ ప్రతిదానికీ దూరంగా ఉంచితే భయం పెరుగుతుంది. కాబట్టి మెట్టుమెట్టుగా అలవాటు చేయాలి. దీపావళికి ఒక ఏడు డాబా మీంచి చూడనివ్వండి, మరుసటి ఏడు కాకరపువ్వొత్తి పట్టుకోనివ్వండి. బాంబు కాల్చకపోతే కొంప మునగదు. మేడారం జాతరకు తీసుకెళ్లాలంటే, అసలు రోజుల రద్దీకి కొన్ని వారాల ముందే వెళ్లి మొక్కు చెల్లించుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీరూ అలా వెళ్లవచ్చు. ఎక్కిన ప్రతి మెట్టుకూ "నిన్నటికన్నా నయం" అని చెప్పండి.

క్రమశిక్షణ కూడా ఉండాలి. తప్పు చేస్తే తప్పేనని చెప్పాలి. కాని మెల్లగా, ఒంటరిగా, ఒక్కసారి చెబితే చాలు. మిగతా పిల్లలకు కేక వేయవలసిన చోట వీరికి ఒక చూపు సరిపోతుంది. నానమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, నష్టం లేదు. వాతలు పెట్టించడం, బెదిరించి భయం పోగొడతామనడం మాత్రం ఒప్పుకోకండి.

బడిలో ఏం చేయాలి?

యాభైమంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరినీ ఎలా చూడగలమని ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఇందులో చాలావాటికి అదనంగా సమయం అక్కరలేదు.

అందరి ముందూ కోప్పడకుండా, నోటుపుస్తకం దిద్దేటప్పుడు నెమ్మదిగా చెప్పండి. ఉన్నట్టుండి బోర్డు దగ్గరకు పిలిచి చెప్పమనకుండా, "రేపు ఈ లెక్క నువ్వు చెప్పాలి" అని ముందురోజు చెప్పండి. నోటికి వచ్చిన పద్యం కూడా కేకకు మరచిపోయే పిల్లలు వీళ్లు. తలుపు పక్కన, మైకు పక్కన కాకుండా కాస్త నిశ్శబ్దంగా ఉండే చోట కూర్చోబెట్టండి. నెమ్మదస్తుడైన ఒక్క స్నేహితుణ్ని పక్కన ఉంచండి. మొక్కలకు నీళ్లు పోయడం, లైబ్రరీ పుస్తకాలు సర్దడం వంటి పని ఒకటి అప్పగించండి. ర్యాంకులు పైకి చదివి వినిపించే అలవాటు మానితే తరగతి మొత్తానికీ మేలే.

బెత్తం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ కూడా నిషేధించింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మన చలం 'బిడ్డల శిక్షణ' అనే పుస్తకం రాసి, పిల్లలను కొట్టి భయపెట్టి పెంచడాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు.

తల్లిదండ్రులు ఏడాది మొదట్లోనే టీచరును కలవండి. "మావాడికి బాగా చదువు చెప్పండి" అని ఊరుకోకుండా, "వీడు కేకకు బెదురుతాడు, నెమ్మదిగా చెబితే బాగా వింటాడు" అని రెండు మాటలు చెప్పండి. ఫిర్యాదులా కాకుండా సాయం అడుగుతున్నట్టు చెబితే చాలామంది వింటారు.

మన ప్రాంతంలో ఐదో తరగతికే గురుకులాల్లో, ఇంటర్‌కు రెసిడెన్షియల్ కాలేజీల్లో చేర్పించే కుటుంబాలు ఎక్కువ. సున్నితమైన బిడ్డ అయినంత మాత్రాన హాస్టలుకు పంపకూడదని కాదు. ముందే ఒకసారి తీసుకెళ్లి చూపించండి. అలవాటైన దుప్పటి వెంట ఇవ్వండి. ఫోను చేసే రోజు, చూడటానికి వచ్చే రోజు చెప్పి, ఆ మాట తప్పకండి. మొదటి మూడు నాలుగు వారాలు ఏడవడం మామూలే. ఆ తర్వాత కూడా తిండి, నిద్ర కుదరకపోతే వార్డెనుతో మాట్లాడండి. ఆ పైన బిడ్డ ఆరోగ్యం ముఖ్యమా, సీటు ముఖ్యమా అని ఇంట్లో కూర్చుని ఆలోచించుకోండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

స్వభావమని సరిపెట్టుకుంటే ప్రమాదమైన సందర్భాలు కొన్ని ఉన్నాయి.

చెవులు మూసుకునే బిడ్డకు చెవిలో చీము, గులిమి ఉన్నాయేమో చూపించాలి. ఎప్పుడూ చిరాకుగా, పాలిపోయి ఉంటే రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించాలి. పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, ఏడాదిన్నర వచ్చినా వేలితో చూపించకపోవడం, మాటలు ఆలస్యం కావడం ఉంటే అది ఆటిజం కావచ్చు. సున్నితమైన బిడ్డ ఎదుటివారి మనసును ఇట్టే పట్టేస్తాడు. ఆటిజం ఉన్న బిడ్డకు అది కష్టం. శబ్దాలకు బెదరడం ఇద్దరిలోనూ ఉండవచ్చు కాబట్టి, అనుమానముంటే ఊహించుకోకుండా పిల్లల వైద్యుడికి చూపించండి. ఎంత త్వరగా చూపిస్తే అంత మేలు.

నిన్నటిదాకా హుషారుగా ఉన్న బిడ్డ ఉన్నట్టుండి మారిపోతే అది స్వభావం కాదు. పక్క తడపడం మళ్లీ మొదలైనా, ఒక మనిషిని చూస్తేనే వణికినా, ఒక చోటికి వెళ్లనని మొండికేసినా ఎవరో వేధిస్తున్నారేమో కనుక్కోవాలి. తిట్టకుండా, తొందరపెట్టకుండా అడగండి. చెప్పింది నమ్మండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

రెండు మూడు వారాలకు మించి బడికి పోనంటే, తిండి నిద్ర తగ్గితే, ఇష్టమైన ఆటలు కూడా మానేస్తే మానసిక వైద్యుణ్ని కలవాలి. "చచ్చిపోత" అనే మాట ఏ బిడ్డ నోట వచ్చినా, బెదిరింపు అని కొట్టిపారేయకండి. ఆ రోజే తీసుకురండి, ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. వరంగల్ ఎం.జి.ఎం. వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉంటాయి. మనసు డాక్టరు దగ్గరకు వెళ్తే పిచ్చి అనుకుంటారేమోనని వెనకాడకండి.

ఇవేవీ లేకుండా, పుట్టినప్పటి నుంచీ మెత్తని మనసుతోనే ఉన్న బిడ్డ అయితే దిగులు పెట్టుకోకండి. "లోకంల ఎట్ల బతుకుతడు?" అని అడిగే తల్లికి నా జవాబు ఇది. అమ్మా, లోకంలో ఎలా బతకాలో వాడు మొదట నేర్చుకునేది మీ ఇంట్లోనే. ఇంట్లో తన మాట వినేవారున్నారని తెలిసిన బిడ్డకు బయట కాళ్లు తడబడవు. ఈ సాయంత్రం బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ దించి, కాసిని పాలో, గుప్పెడు పల్లీలో చేతిలో పెట్టి, మార్కులు అడగకుండా ఒక అరగంట వాడి పక్కన కూర్చోండి. వైద్యం అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.